యమున కొన్న పిస్టల్

శ్రీకాకుళంలో ఒక బ్యాంకులో ఆఫీసరుగా పనిచేసే యమునకి నలభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. చేసుకోనని భీష్మించిందీ లేదు. వచ్చిన సంబంధాలు ఏదో ఒక వంకతో తప్పిపోతూ వచ్చాయి, ఆ తరవాత ఇంట్లోవాళ్లు చూడడం మానేశారు, ఆమె అడగడమూ మానేసింది. అరసవల్లిలో లక్ష్మణమ్మగారింటి మేడ మీద అద్దెకుండేది. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చాక కింద లక్ష్మణమ్మగారితో కలిసి టీ తాగి, ఆవిడ చూసే సీరియల్ సగందాకా చూసి పైకి వెళ్లేది. రోజు మొత్తంలో బ్యాంకు పని గాక మరో మాట మాట్లాడేది అప్పుడే.

ఆదివారం వస్తే ఆ వీధంతా గుడికొచ్చే జనంతో, ఆటోలతో నిండిపోతుంది. వాళ్లు రాకముందే యమున తన చిన్న కారు తీసి విశాఖపట్నం బయలుదేరేది. అక్కడి రైఫిల్ క్లబ్బులో ఆమె సభ్యురాలు.

కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు ఒక క్యాంపులో నేల మీద బోర్లా పడుకుని రైఫిల్ పేల్చింది. పక్కనున్న అమ్మాయిలు చప్పుడుకి కెవ్వుమన్నారు. యమునకి మాత్రం ఆ కాసేపు బుర్రలో రొద ఆగిపోయినట్టనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మరిచిపోనూ లేదు. చాలా ఏళ్ల తరవాత విశాఖకి బదిలీ అయినప్పుడు క్లబ్బు బోర్డు చూసి లోపలికి వెళ్లింది. నేవీలో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరైన జగన్నాధం అక్కడ నేర్పేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. “ఊపిరి వదిలెయ్యమ్మా. వదిలేసి ఆగు,” అనేవాడు. అంతే.

అక్కడ ఎవరి గీత దగ్గర వాళ్లు ఒక్కరే నిలబడతారు. ఎవరితోనూ మాట్లాడరు. చప్పుడు వినబడకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకుని, చెయ్యి చాపి, ఎదురుగా ఉన్న కాగితం మీది నల్లటి గుండ్రాన్ని చూస్తారు. ఒంటరిగా ఉండడమే పద్ధతి అయిన చోటు ఆమెకి అదొక్కటే దొరికింది. తిరిగి శ్రీకాకుళం బదిలీ అయినా క్లబ్బు మానలేదు.

క్లబ్బు పిస్టల్‌తోనే రాష్ట్ర స్థాయి పోటీలకి వెళ్లి, కావలసిన స్కోరు తెచ్చుకుంది. సొంత పిస్టల్ కోసం లైసెన్సుకి దరఖాస్తు పెట్టింది. విచారణకి వచ్చిన కానిస్టేబుల్ లక్ష్మణమ్మగారిని అడిగాడు, “ఏటమ్మా, ఈ మేడమ్‌కి శత్రువులెవులైనా ఉన్నారా?”

“శత్రువులా?” అందావిడ. “ఆవిడింటికి సుట్టాలే రారు బాబూ.”

అది విని యమున నవ్వింది. పైకి వెళ్లాక మాత్రం ఆ మాట చాలాసేపు వదల్లేదు.

లైసెన్సు రావడానికి ఏడాది పైనే పట్టింది. 2017 వేసవిలో పిస్టల్ చేతికొచ్చింది. పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్, అంటే తూటా అడుగున అంచు మీద దెబ్బ పడితే పేలే రకం. చిన్న తూటా, చిన్న చప్పుడు, చెయ్యి పెద్దగా అదరదు. పోటీలకి వాడేది అదే. కలెక్టరాఫీసులో లైసెన్సు మీద దాని నంబరు ఎక్కించుకుని, ఇంటికి తెచ్చి, తలుపు గడియ పెట్టింది.

కొత్తది కదా అని తుడవకుండా పేల్చొద్దని జగన్నాధం ముందే చెప్పాడు. ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా చిక్కటి జిడ్డు పూసి పంపుతారు. అది అలాగే ఉంటే లోపల ముద్దకట్టి, తూటా తూటాకీ అడ్డం పడుతుంది.

యమున బల్ల మీద పేపర్లు పరిచింది. కిటికీలు తెరిచింది. ముందు తూటాలు నింపే మ్యాగజైన్ తీసి పక్కన పెట్టింది. గొట్టం మీద ముందుకీ వెనక్కీ జారే స్లయిడ్ వెనక్కి లాగి, తూటా కూర్చునే చోటు ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూసింది. తరవాత పిస్టల్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూసుకుంటూ భాగాలు విప్పింది. పాత వాయిల్ చీర చింపిన ముక్కలతో ఒక్కొక్కటీ తుడిచింది. తేనె రంగు జిడ్డు వేళ్లకంటింది. సన్నటి నైలాన్ తాడుకి గుడ్డముక్క కట్టి, గొట్టంలోకి వెనక నుంచి పెట్టి ముందుకి లాగింది. మొదటి గుడ్డ ముక్క నల్లగా వచ్చింది, తరవాతది బూడిద రంగులో. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగింది. వెలుగుకి పెట్టి వెనక నుంచి చూస్తే గొట్టంలో మెలికలు తిరిగిన గాడులు అద్దంలా మెరిశాయి.

నూనె దగ్గర మాత్రం భయపడింది. ఎక్కువైతే తూటా మందు పొడిని అంటించుకుని బంకలా తయారవుతుంది, తక్కువైతే ఇనుముని ఇనుము ఒరుసుకుంటుంది. అగ్గిపుల్ల మొనతో ఒక్కో చుక్క తీసి స్లయిడ్ జారే గాడుల్లో పెట్టి, వేలితో పలచగా రాసింది. పైపైన మిగిలింది తుడిచేసింది. మళ్లీ బిగించి స్లయిడ్ లాగి వదిలితే, గరుకు లేకుండా మెత్తగా వెళ్లి కూర్చుంది.

ఇంత బాగా చేసిన పని ఎవరికైనా చూపించాలనిపించింది. లక్ష్మణమ్మగారికి చూపిస్తే హడలిపోతుంది. జగన్నాధానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బ్యాంకులో ఎవరికీ చెప్పదలచుకోలేదు. చివరికి బల్ల మీద పెట్టి ఫొటో తీసి సొంత ఊళ్లో ఉన్న అన్నకి పంపింది.

ఆమె అన్న శివాజీ ఊళ్లోనే వరి వ్యవసాయం చేస్తాడు. చెల్లెలింటికి ఎప్పుడో గాని రాడు. మర్నాడు ఆదివారం పొద్దున్నే మోటార్ సైకిలు మీద దిగాడు.

“ఏటే, నిజంగానే కొనీసినావేటి?”

“ఫొటో సూసినావు కదా అన్నియ్యా.”

“సూపించు మరి.”

ఆమె బీరువా తీసి, ఖాళీగా ఉందని చూసుకుని, అతని చేతికిచ్చింది. “మూతి గోడేపు ఉంచు. తూటా లేకపోయినా ఉన్నట్టే పట్టుకోవాల,” అంది. అతను బరువు చూసి, అటూ ఇటూ తిప్పి, ఎంత నున్నగా ఉన్నాదో అన్నాడు. ఆమెకి ఎక్కడ లేని సంతోషం కలిగింది. ఆ రోజు క్లబ్బుకి వెళ్లలేదు. వంకాయా ఎండు నెత్తళ్ల చేపలూ వేసి కూర వండింది, అది అతనికి ఇష్టం. అన్న తింటుంటే ఎదురుగా కూర్చుని క్లబ్బు సంగతులు చెప్పింది. ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎరగదు. అతను ఊఁ కొడుతూ విన్నాడు.

చెయ్యి కడుక్కున్నాక అసలు మాట బయటపెట్టాడు.

“కూర్మయ్య మన గట్టు నరికీసి లోపలికి జరిగిపోనాడు, తెలుసా?”

కూర్మయ్యది పక్క మడి. వాళ్లకి చుట్టం కూడా.

“సర్వే సేయించు,” అంది యమున.

“సేయించినాను. పాతిన రాయి పీకీసినాడు. నువ్వొక పని సెయ్యి. ఒక్కసారి ఊరికి రా. అది నడుంకి పెట్టుకుని, అందరూ సూసినట్టు గట్టు మీద నడిసి ఎలిపో. ఒక్క మాట అనక్కర్లేదు.”

“ఇది ఆటకిచ్చిన లైసెన్సు అన్నియ్యా. ఒకల్ని బెదిరించడానికి కాదు.”

“ఎవులు బెదిరించమన్నారు? ఊరికే నడవమన్నాను.”

“రాను.”

“తోడబుట్టినోడికి ఈ మాత్రం సెయ్యలేవా?”

“ఇంకేటైనా అడుగు, సేస్తాను. ఇది మాత్రం సెయ్యను.”

శివాజీ లేచాడు. “మరి నాకేటికి సూపించినావు?”

చూపించడానికి ఇంకెవరూ లేక చూపించానని ఆమె చెప్పలేకపోయింది. వదిన కోసం గిన్నెలో సర్దిన కూర గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

తర్వాత శివాజీ చేసిన పని ఆమెకి వానలు మొదలయ్యాక గాని తెలియలేదు. గట్టు దగ్గర మాటా మాటా పెరిగినప్పుడు, “మా సెల్లి కాడ పిస్టలున్నాది, సూసుకో,” అని కూర్మయ్యని అందరి ముందూ బెదిరించాడు. కూర్మయ్య వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. స్టేషన్ నుంచి యమునకి పిలుపొచ్చింది.

ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. విచారణ అయ్యేదాకా పిస్టల్, తూటాలు స్టేషన్లో అప్పగించాలన్నాడు. ఆమె గాభరాలో, మళ్లీ నూనె రాయకుండా, ఎలా ఉన్నది అలాగే, స్పాంజి పరిచిన దాని పెట్టెలోనే పెట్టి ఇచ్చేసి, రసీదు తీసుకుని వచ్చింది.

పోలీసులు ఇంటికి కూడా వచ్చి వెళ్లారు. ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలా టీకి కిందికి దిగితే లక్ష్మణమ్మగారు టీవీ కట్టేసింది.

“నీ మీద నాకేటీ కోపం లేదమ్మా. కానీ పోలీసులు రెండు మాట్లొచ్చినారు. మా కోడలు పిల్లల్ని పంపడానికి భయపడతన్నాది. ఇంకో ఇల్లు సూసుకోమ్మా.”

“అలాగేనండి,” అని యమున మెట్లెక్కేసింది. ఆ రోజు నుంచి టీకి దిగలేదు. ఆదివారాలు ఇంట్లోనే ఉండేది. కింద జనం చప్పుడు, ఆటో హారన్లు వింటూ పడుకునేది. జగన్నాధం ఫోన్ చేసి ఎందుకు రావడం లేదని అడిగితే ఒంట్లో బాగోలేదంది.

అలా ఎన్నాళ్లో గడిచాక ఒక ఆదివారం లేచి, కారు తీసి, విశాఖ వైపు కాకుండా సొంత ఊరివైపు తిప్పింది. నేరుగా కూర్మయ్య ఇంటి ముందు ఆపింది. ఆయన వాకిట్లో తాడు పేనుకుంటున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. ఆ కళ్లు తన చేతులవైపు, సంచివైపు పోవడం ఆమె గమనించింది. తనని చూసి ఒక మనిషి భయపడడం ఆమెకి అదే మొదలు.

“మావా, నాను యమునని. నా కాడ ఏటీ లేదు,” అంది.

“తెలుసమ్మా. సిన్న గుంటప్పుడు నుంచి సూత్తన్నాను నిన్ను.” ఆయన మంచం చూపించాడు. “కూకో. నీ అన్న అలగ అన్నాడు. నానేటనుకోవాల సెప్పు?”

“నా పిస్టల్ కాగితాలకి బొక్కలు పెట్టడానికే మావా. మనిషి మీద దాన్ని ఎత్తను. మా అన్న కోసం కూడా ఎత్తను. ఆ మాట నా నోటితో నీకు సెప్పాలని వొచ్చినాను. ఫిర్యాదు ఉంచుతావో తీసీస్తావో నీ ఇష్టం.”

ఆయన పేనుతున్న తాడు పక్కన పెట్టాడు. తరవాత లోపలికి కేకేసి మంచినీళ్లు తెప్పించాడు. “రేపెళ్లి ఆ యమ్మి మీద నాకేటీ లేదని సెప్పీస్తాను. గట్టు సంగతి గట్టుదే.”

బయటికొచ్చేసరికి నాలుగిళ్ల అవతల శివాజీ తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె కారునీ, కారు ఎవరి వాకిట్లో ఉందో చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు. యమున వెళ్లి పిలిస్తే వదిన తలుపు దగ్గరికొచ్చి, “పడుకున్నారు,” అంది. ఆవిడ కళ్లెత్తలేదు. యమున ఇంకోమారు పిలవలేదు.

దసరా వెళ్లాక పిస్టల్ తిరిగిచ్చారు. ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే, వానాకాలం తేమంతా స్పాంజి పీల్చుకుని ఉంది. గొట్టం మూతి చుట్టూ, స్లయిడ్ ఒక వైపునా ఎర్రటి చుక్కలు లేచాయి. అన్ని నెలల్లో కంటతడి పెట్టని మనిషి అది చూసి ఏడ్చేసింది. ముఖం కడుక్కుని వచ్చి జగన్నాధానికి ఫోన్ చేసి, దాచకుండా జరిగిందంతా చెప్పింది.

ఆయన మొత్తం విన్నాడు. “లోపల గొట్టం ఎలా ఉంది?”

“బాగానే ఉంది సార్.”

“మరింకేం. నూనె రాసి నానబెట్టు. మెత్తగా రుద్దు, కంగారు పడకు. పెట్టెలో ఉంచకమ్మా ఇక. ఆదివారం రా.”

ఆమె ఆ రోజంతా అదే పని మీద కూర్చుంది. నూనె రాసి, ఆగి, గుడ్డతో రుద్ది, మళ్లీ రాసి. ఎరుపు పోయింది. స్లయిడ్ మీద ఒక చోట గుంట మిగిలింది. ఎంత రుద్దినా పోలేదు, వదిలేసింది.

తరవాత నాగావళి ఒడ్డు దగ్గర ఇంకో ఇంట్లోకి మారింది. అద్దె మాట్లాడేటప్పుడే పిస్టల్ సంగతి చెప్పింది. ఆ ఇంటాయన తటపటాయించినా తాళం ఇచ్చాడు. గట్టు తగాదా మళ్లీ కొలతలు వేశాక ఇద్దరూ కొంత కొంత తగ్గి తీరిపోయింది. అన్నా చెల్లెళ్ల తగువు మాత్రం తీరలేదు. చెల్లెలు పగవాడి పక్షాన నిలబడిందని శివాజీ ఊరంతా చెప్పాడు.

రెండేళ్లకి అతని కూతురు ఉష పెళ్లి కుదిరింది. మేనత్తని ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. కార్డు పోస్టులో వచ్చింది. వెళ్లాలా వద్దా అని యమున చాలా రోజులు తేల్చుకోలేకపోయింది. చివరికి పట్టుచీర కట్టుకుని వెళ్లి, పందిట్లో వెనక వరసలో కూర్చుంది. అక్షింతలు వేస్తున్నప్పుడు ఉష తలెత్తి, “అత్తా!” అని చెయ్యి పట్టుకుంది. ఎవరో వెనక నుంచి జరగమంటే వదిలేసింది.

భోజనాల దగ్గర శివాజీ బంతుల మధ్య తిరుగుతూ అందర్నీ పలకరిస్తున్నాడు. ఆమె ఆకు ముందుకొచ్చి ఆగాడు. ముఖం చూడకుండా, “అన్నం ఎట్టినారా?” అన్నాడు.

“ఎట్టినారు అన్నియ్యా.”

అతను తలూపి పక్క ఆకు దగ్గరికి వెళ్లాడు. ఆమె కలిపిన ముద్ద అలాగే చేతిలో పట్టుకుని, బంతి చివరిదాకా అతను వెళ్లడం చూసింది. అతను వెనక్కి తిరగలేదు. చేతిలోని ముద్ద తింది. ఆకులో వడ్డించినదంతా తిని లేచింది.