పెళ్లికొడుకు పిక్క

పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగు జహీరాబాద్ సర్కారు దవాఖానలో. ఎముకల విభాగంలో సివిల్ సర్జన్ హోదా. హైవే ప్రమాదాలు, చెరకు ట్రాక్టర్ల కింద నలిగిన వేళ్లు, ఇవే మా పని. అందానికి ఆపరేషన్లు చేసేవాళ్ల పాపాలు కూడా మేమే కడగాలని ఆ మాఘమాసంలో, పెళ్లిళ్ల కాలంలో తెలిసింది.

మొగుడంపల్లి రైతు విఠల్‌ను అతనికి కాబోయే మామ, కోహీర్ మాణయ్య, జీపులో పడుకోబెట్టి తెచ్చాడు. విఠల్‌కు పుట్టుకతో కుడి పాదం వంకర. చిన్నప్పుడు పట్టీలు వేసి పాదాన్ని సరిచేశారు గానీ పిక్క సన్నగా ఉండిపోయింది. ఇలాంటి కాళ్లలో అది మామూలే. ఆ కాలితోనే అతను అల్లం పండిస్తున్నాడు. పెళ్లి దగ్గర పడేసరికి మాత్రం దిగులు పట్టుకుంది.

"మామ పళ్లెంల కాళ్లు కడుగుతడు సార్, అందరి ముంగట. ఒకటి లావు, ఒకటి సన్నం ఉంటే ఎట్ల?" అన్నాడు, మామ పక్కనే ఉండగా. బట్టలకని ఇంట్లో చెప్పి నగరానికి పోయి, ఏదో క్లినిక్ బోర్డు చూసి, పిక్కలో సిలికాన్ ముక్క పెట్టించుకుని వచ్చాడట. అప్పటి నుంచి ఒకటే నొప్పి.

మోకాలి వెనక మడతలో కోసి, కండరానికీ దాన్ని చుట్టిన పొరకూ మధ్య ఆ ముక్కను దూరుస్తారు. తగిన సైజు ఎంచి, తర్వాత కనిపెట్టుకుని ఉంటే చాలావరకు క్షేమంగానే జరుగుతుంది. రూపు వస్తుంది, బలం రాదు. ఆ పొర పెద్దగా సాగదు. సన్నని పిక్కలో పెద్ద ముక్కను కుక్కితే లోపల ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందదు. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. హౌస్ సర్జన్‌కు కూడా తెలిసిన సంగతి. ఆ క్లినిక్ ఘనుడికి కావలసింది వేరు: రెండు పిక్కలూ సమానంగా కనబడాలి, ఫొటో దిగాలి.

విఠల్ కాలివేళ్లను నేను పైకి వంచగానే అతను మంచం పట్టుకుని అరిచాడు. క్లినిక్ వాళ్లు బిగించిన కట్టు కింద పిక్క రాయిలా ఉంది. క్లినిక్‌కు ఫోన్ చేశాను. పాదంలో నాడి ఆడుతోందంటే భయం లేదని, కట్టు విప్పితే షేపు చెడుతుందని ఆ పెద్దమనిషి నాకు పాఠం చెప్పాడు. నాడి ఆడుతుండగానే కండరం చచ్చిపోతుందని తెలియనివాడి చేతికి కత్తి ఎవరిచ్చారో! పైన పటారం, లోన లొటారం.

కాలు దక్కుతుందో లేదో చెప్పలేనన్నాను. మాణయ్య తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా అన్నాడు: "ఆ కాలు మాకు ఎరుకనే సార్. చేన్ల పైంటు మడిచి నీళ్లు పారబెడుతుంటే చూసినంకనే పిల్లనిస్తనన్న. గా కాలుతోని గింత పని జేస్తుండు గదా అనుకున్న."

నాకు ఒళ్లు మండింది. ఎవరూ అడగని పిక్క కోసం ఇదంతా! కట్టు కోసేసి, మత్తు డాక్టరును ఇంటి నుంచి పిలిపించి, ముక్కను తీసేశాం. పొరను నిలువునా చీల్చి గాయం తెరిచే ఉంచాం.

కాలు దక్కింది. కొంత కండరం పోయింది, అరికాలికి స్పర్శనిచ్చే నరమూ దెబ్బతింది. తర్వాత తొడ చర్మం తీసి గాయం మూశాం. పెళ్లి వాయిదా పడి జరిగింది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, మామ నీళ్లు పోయడం కంటికి కనబడిందే తప్ప అరికాలికి తెలియలేదన్నాడు విఠల్. చేలో చెప్పు జారిపోయినా తెలియడం లేదట. క్లినిక్ వాళ్ల ప్రకటనలో అతని కాలి ఫొటో మాత్రం ఇంకా ఉంది. అందులో పిక్క నిండుగానే ఉంది: సగం సిలికాన్, సగం వాపు.

సన్నగా ఉండి పనిచేసే కాలు జబ్బు కాదు. దాన్ని ముట్టుకునే ముందు అది ఏం పని చేస్తోందో అడగాలి. ఆ మాట అడగని సర్జన్‌కు కొలత టేపు చాలు, కత్తి అక్కర్లేదు.