ఆకుపచ్చ చీర, పతంగి కాగితం

నా చిన్నప్పుడు, ఒక డిసెంబరు శనివారం సాయంత్రం సరిగ్గా నాలుగుంబావుకు, మా మేనత్త కత్తెర ఎత్తి గోడకు విసరబోయి, ఆగి, మెల్లగా కుట్టుమిషను పక్కన పెట్టింది. వేళ గుర్తుండడానికి కారణం కూడా ఆమే. గోడ గడియారం వైపు చెయ్యి చూపి, "నాలుగుంబావైంది. పొద్దుగాల కూసున్నం. ఒక్క కొమ్మ గూడ రాలే" అంది. కొమ్మ అంటే గుడ్డ కొమ్మ. మేము చిన్న బొంత మీద క్రిస్మస్ చెట్టు కుడుతున్నాం. కుట్టేది అత్తమ్మ, కుట్లు విప్పేది నేను, గుడ్డ కోసేది మా నాయన. తప్పంతా ఆ కోసేదాంట్లోనే ఉంది.

అప్పుడు మేము సంగారెడ్డిలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాయన వడ్రంగి, బడికి బల్లలు, కుర్చీలు చేసేవాడు. ఆ ఏడు మొదట్లో తమ్ముడు పుట్టాడు. వాడు పుట్టిన పూటే అమ్మ పోయింది. వాడి బాప్తిస్మం ఈస్టరుకన్నాడు నాయన, తర్వాత వానలు తగ్గాక అన్నాడు, ఆ తర్వాత ఆ మాట ఎత్తడమే మానేశాడు. చివరికి జోగిపేట బడిలో టీచరుగా ఉన్న అత్తమ్మ వచ్చి, క్రిస్మస్ నాడే అని పాస్టరుగారికి తనే చెప్పేసింది.

మా ఇంట్లో పుట్టిన బిడ్డను తల్లి కట్టి విడిచిన చీరతో కుట్టిన బొంతలో పడుకోబెట్టేవాళ్లు. కొత్త గుడ్డ గరుకు అని చెప్పేవాళ్లు గాని అసలు సంగతి అమ్మ వాసన. తమ్ముడికి ఆ బొంత లేదు. అమ్మ ఆకుపచ్చ చీర పెట్టెలో ఉంది, పెట్టె తాళంచెవి నాయన మొలతాడుకు ఉంది. వాడు అమ్మ ఒడిలో ఒక్కసారి కూడా పడుకోలేదు. కనీసం ఆ చీర మీదైనా పడుకోవాలని నాకు ఉండేది. ఆ మాట నాయనతో అనే ధైర్యం నాకు లేదు. అత్తమ్మకు ఉంది, ఆమె ఆయనకు అక్క.

అత్తమ్మ బోర్డింగు బడిలో చదివేటప్పుడు ఒక తెల్ల దొరసాని కాగితం మీద గుడ్డ కుట్టే పద్ధతి నేర్పింది. పల్చని కాగితం మీద బొమ్మను గళ్లుగా గీసుకుని, గుడ్డముక్కలు కాగితం వెనక పెట్టి, ముందు నుంచి గీత మీద కుట్టాలి. కుట్టాక ముక్కను తిప్పి పరిస్తే అది పక్క గడిని కప్పుతుంది. అన్ని గళ్లూ నిండాక కాగితం చింపేస్తే బొమ్మ మిగులుతుంది. పల్చని కాగితం కోసం పతంగుల దుకాణానికి వెళ్లాం. దుకాణం సాయబు అత్తమ్మను చూసి, "క్యా టీచరమ్మా, ఈ ఉమర్ల పతంగులెగరేస్తవా?" అన్నాడు. ఆమె చెట్టు బొమ్మ చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు. "పువ్వు లేదు, కాయ లేదు. మూడు సమోసాలు ఒకదాని మీదొకటి పెట్టినట్టుంది. దీనికోసం ఇంత పరేషానా?" అన్నాడు. నిజానికి అలాంటి చెట్టును మేమూ చూడలేదు. మా చర్చిలో సరుగుడు కొమ్మ పెట్టేవాళ్లు.

అత్తమ్మ చీర అడిగితే నాయన ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. చీరలో జానెడు మాత్రమే ఇస్తాడు, అదీ తనే కోస్తాడు. చెవి మీది పెన్సిల్ తీసి, స్కేలు పెట్టి, కాగితంలో గడి ఎంత ఉందో అచ్చం అంతే గీసి కోశాడు. "గీతకవతల ఒక్క పోగు గూడ పోవద్దు" అన్నాడు.

"జెర ఎక్కువ కొయ్యి తమ్మీ. అంచు పోతది."

"నాకు కొలత నేర్పకక్కా."

అత్తమ్మ ముక్క కుట్టి తిప్పింది. గడి నిండలేదు. కుట్టులోకి పోయినంత మేర అవతలి అంచున కాగితం తెల్లగా కనిపించింది. "నీ కుట్టు వంకర" అన్నాడు నాయన. నేను విప్పాను. మళ్లీ కుట్టింది, మళ్లీ అదే వెలితి. "కాగితం జరిగింది" అన్నాడు. విప్పుతుంటే కాగితం చిరిగింది, ఆమె ఇంకోటి గీసింది. మళ్లీ వెలితి. "ఈ మిషనే మంచిగ లేదు" అన్నాడు.

"అవునవును. మిషను తప్పు, కాగితం తప్పు, నా కండ్లు తప్పు. నీ స్కేలొక్కటే దేవుని వాక్యం" అంది అత్తమ్మ.

ఈలోపు తమ్ముడు పాక్కుంటూ వచ్చి కాగితం ముక్క నోట్లో పెట్టుకున్నాడు. వేలు పెట్టి తీయబోతే కరిచాడు. విప్పిన కొద్దీ ఆకుపచ్చ ముక్కల అంచులు పోగులు లేస్తున్నాయి. ఒక్క పోగూ పోవద్దన్న మనిషి వల్లే పోగులు పోతున్నాయి. జానెడు గుడ్డ అయిపోవచ్చింది. ఇంకో జానెడు అడిగితే నాయన పెట్టెకు తాళం వేసి ఇక తీయడని మా ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది.

అత్తమ్మ కత్తెర పక్కన పెట్టింది అప్పుడే. వంటింట్లోకి వెళ్లి కోడు విరిగిన పీట తెచ్చి నాయన ముందు పడేసింది. "బొంత పని బందు. రొట్టెలు చేస్తుంటే ఇది ఊగి నా పానం తీస్తున్నది. దీనికి కోడు చేసియ్యి."

నాయన సంతోషంగానే లేచాడు. చెక్క తెచ్చి, పాత కోడు కొలిచి గీత గీశాడు. రంపాన్ని గీతకు కొంచెం అవతల పెట్టాడు.

"గీత మీద పెట్టరాదు? గట్ల పక్కకెందుకు పోతున్నవ్?" అంది అత్తమ్మ.

"గీత మీద కోస్తె కోడు పొట్టిగయితది. రంపం తినేది వదలాలె గద" అన్నాడు నాయన, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

నాలుగుసార్లు ఆడిన రంపం ఆగింది. నాయన చెక్క వైపు చూశాడు, తర్వాత మిషను మీద వేలాడుతున్న పతంగి కాగితం వైపు చూశాడు.

"కుట్టు గూడ తింటదా?"

"తింటది. పొద్దుగాల్నుంచి గదే చెప్తున్న."

"అంచు పోతదన్నవ్. తింటదనలే."

"సరే తియ్యి, నాదే తప్పు. సూడు బిడ్డా, మీ నాయనకు గుడ్డ సంగతి చెక్కతోటి చెప్పాలంట."

నాయన నవ్వలేదు. లోపలికి వెళ్లి చీర మొత్తం తెచ్చి అత్తమ్మ ఒళ్లో పెట్టాడు. "ఎంత తింటదో అంత కొయ్యి" అని వాకిట్లోకి పోయి పీట పని చేసుకున్నాడు. ఆ ఒక్క కోడుకు ఆయనకు చీకటి పడేదాకా పట్టింది.

ఆ తర్వాత అత్తమ్మ ఒక్కో ముక్కా గడి కంటే ఎంతో పెద్దగా కోసింది. కుట్టి, తిప్పి, గడి నిండాక మిగిలింది కత్తిరించింది. అమ్మ చీర ముక్కలు నేల మీద పడుతుంటే చూడలేక ఏరుకున్నాను. "ఏరితె ఏరు గని సూదికి అడ్డం రాకు" అంది. చివర ఇద్దరం కూర్చుని వెనక కాగితం చింపాం. నాయన పాత ధోవతి తెలుపు మీద మూడంతస్తుల ఆకుపచ్చ చెట్టు. అందంగా ఉందని చెప్పలేను, కొంచెం ఎడమకు వాలింది. మిగిలిన చీర మడతలు పెట్టి, నేను ఏరిన ముక్కలు కూడా లోపల పరిచి, బొంతగా కుట్టేసింది.

క్రిస్మస్ నాడు పాస్టరుగారు నీళ్లు చల్లకముందే తమ్ముడు బొంత తడిపాడు. అత్తమ్మ గాబరాగా లాగబోయింది. నాయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "తడపనియ్యి. గందుకే గద కుట్టింది."

ఇప్పుడు ఆ తమ్ముడు పోయి నెల దాటింది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పని చేసి రిటైరైన మనిషి. జ్ఞాపకార్థ కూడిక నాడు సందు మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టి, వాడు బతికుండగా ఎన్నడూ తొడగని సూటు అందులో తొడిగించారు. మైకు నా చేతికిచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు గుర్తొచ్చింది ఈ బొంత. దాన్ని మైకులో చెప్పబుద్ధి కాక ఇక్కడ రాస్తున్నాను. బొంత మిగల్లేదు. వాడు పడుకున్నాడు, వాడి పిల్లలు పడుకున్నారు, ఉతికి ఉతికి పోగులైపోయింది. దాచి పెడదామని నేను ఎన్నోసార్లు అన్నాను. నాయన ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వచ్చినప్పుడు అడిగినంత మాత్రమే గీత మీద కోసి ఇవ్వను. కుట్టు తినేది కొంత ఉంటుందని కలిపి ఇస్తాను. తమ్ముడి చివరి నెలల్లో ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా, ఇక చాలు వెళ్లమని నర్సులు చెప్పాక ఇంకాసేపు కూర్చునేదాన్ని.

మొన్న తమ్ముడి మనవరాలికి పాప పుట్టింది. బజారు నుంచి మెత్తటి బొంత తెచ్చారు, దాని మీద క్రిస్మస్ చెట్టు కూడా అచ్చు వేసి ఉంది. మా ఇంట్లో ఇప్పుడు తల్లి చీరతో బిడ్డకు బొంత కుట్టరు.