తప్పుల మూల

మా జీవశాస్త్రం మేడం పోయారని పోయిన నెల ఒక మంగళవారం చింతామణి నుంచి ఫోన్ వచ్చింది. బెంగళూరు ప్రయోగశాలలో పనిలో ఉన్నాను. చేతి తొడుగులు తియ్యకుండానే కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ చూసి ఉంటే ఎన్ని చీవాట్లు పెట్టేవారో!

అక్కడి కాలేజీలో పీయూసీ, అంటే ఇంటర్, చదివేటప్పుడు మాకు ఆవిడే పాఠం చెప్పారు. నల్లబల్ల కుడి మూల జానెడు జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు. నిన్నటి పాఠంలో తాను చెప్పిన తప్పు ఏదైనా ఉంటే, ఇవాళ ముందు అక్కడ దిద్దాకే కొత్త పాఠం. వెనక బెంచీల్లో మేం కిసుక్కున నవ్వితే, "నవ్వండి, నవ్వుతానే దిద్దుకోండి" అనేవారు.

కణం మధ్యనుండే కేంద్రకం ఒక ఇల్లట, జన్యువులు ఇంట్లోవాళ్ళట, చుట్టూ ఉన్న కొవ్వు పొర గోడట. "లోపల కొవ్వుకు పనేమీ లేదు" అని రాయించారు. నేనూ బట్టీ పట్టాను.

పదేళ్ళ తర్వాత నా పరిశోధన సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. సబ్బులాంటి ద్రావణంతో ఆ గోడ కడిగేసినా, కేంద్రకం లోపల ఒక రకం కొవ్వు మెరుస్తూనే ఉంది. కడగడం చేతకాలేదు, అది మిగిలిపోయిన మురికే అన్నారు మా గైడు. నాలుగేళ్ళ పని మురికి కింద పోతుందని హడలిపోయాను. చదువు మానేస్తానని మేడంకి ఫోన్ చేశాను.

"ఏడ్పు తర్వాతమ్మా. గోడ పోయినాదా లేదా చూసినావా?"

"పోయే ఉంటుంది మేడం."

"ఉంటుందేంది? గోడలో మాత్రమే ఉండే ప్రోటీన్ని వెతుకు. అది పోయి కొవ్వు మిగిలితే, ఆ కొవ్వు లోపలిదే. జంగమకోటెలో మా అమ్మ పట్టుగూళ్ళు ఉడికించి, జిగురు వదిలినాదో లేదో చేత్తో చూసినాకే దారం తీసేది. నువ్వు చూడకుండానే ఏడస్తాండావు."

చూశాను. గోడ లేదు. కొవ్వు ఉంది! జన్యువులను పనిలో పెట్టే ప్రోటీన్లకు అంటుకుని కబురందిస్తోంది. వేరే దేశాలవాళ్ళు ముందే కొంత చూసిన సంగతే, మా పాఠంలోనే లేదు.

ఆ ఫోటో పట్టుకుని చింతామణి బస్సెక్కాను. మేడం కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశారు. తిన్నగా క్లాసుకు నడిచి మూలలో రాశారు: "కేంద్రకంలో కొవ్వుకు పనుండాది." పిల్లల వైపు తిరిగి, "ఇన్నేండ్లూ తప్పు చెప్పినాను. నా శిష్యురాలు దిద్దినాది" అన్నారు. సిగ్గుతో, సంతోషంతో నేను తలుపు చాటుకు జరిగాను.

ఆ సాయంత్రమంతా మేడం పాత విద్యార్థులకు ఫోన్లే. బాగేపల్లిలో ఎరువుల అంగడి పెట్టుకున్న ఒకాయన, "నాకిప్పుడెందుకు మేడం ఇదంతా?" అన్నాడు.

"తప్పు నీ తలకాయలో నేనే పెట్టినాను కదప్పా. నేనే తియ్యల్ల."

మొన్న కాలేజీవాళ్ళు ఆవిడ క్లాసులోనే నన్నొక పాఠం చెప్పమన్నారు. ముందు బెంచీ పిల్ల ఒకతి లేచి, "ఆ కొవ్వు గోడ నుంచి ఊడి లోపలికి పోతాదా మేడం?" అంది. "అవునమ్మా" అనేశాను. బెంగళూరు వచ్చి పరిశోధన పత్రాలు తిరగేస్తే, ఆ సంగతి ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చలేదని తెలిసింది.

రేపు మొదటి బస్సుకు వెళ్తున్నాను. మూల ఖాళీగా ఉంచమని ఆ పిల్లకు కబురు పెట్టాను. "ఖాళీగానే ఉండాది మేడం, ఎవురూ ముట్టుకోరు" అంది.