బాతు పడని పెద్ద టీవీ

2022 వేసవి. పలాసలో కాశీబుగ్గ వైపు వెళ్లే రోడ్డు మీద నా టీవీ రిపేరు షాపు అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా నడుస్తోంది. అంతా ప్రభువు కృప. పొద్దున్నే తలుపు తీసి, చిన్న ప్రార్థన చేసుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టడం నా అలవాటు. ఇప్పుడు రిపేరుకు వచ్చేవన్నీ గోడకు తగిలించే పలచటి టీవీలే. అయినా వెనక గదిలో పది పన్నెండు సీఆర్‌టీలు దాచుకున్నాను. సీఆర్‌టీ అంటే లోపల గాజు పిక్చర్ ట్యూబు, వెనక పెద్ద డొప్ప ఉండే పాత టీవీ. అప్పట్లో వాటిని అడిగేవాళ్లు లేరు. పారేయడానికి నాకు మనసొప్పదు.

ఒకరోజు నందిగాం నుంచి లోకనాథం అనే జీడితోటల రైతు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. సంచిలోంచి ఒక పాత వీడియో గేమ్ తీసి నా బల్ల మీద పెట్టాడు. అతని తరం పిల్లలు వేసవి సెలవుల్లో టీవీకి తగిలించుకుని ఆడుకున్న రకం.

"అన్నా, దీనికి డబ్బా టీవీ ఒకటి కావాల. సిన్నదైనా సాలు. మాకు ముఖ్యం బాతుల్ని కాల్చే తుపాకీ ఆట. కొత్త టీవీలో ఎంత పేల్చినా ఒక్క బాతూ పడ్నేదు."

"పడదు తమ్ముడూ. ఆ తుపాకీ ట్యూబు టీవీకే పనిచేస్తుంది. ఏదో ఒక ట్యూబు టీవీ అయితే చాలు," అన్నాను. అందులో సగమే నిజమని ఆ రోజు నాకు గుర్తుకు రాలేదు.

"ఇంత వయసులో ఈ ఆట ఏటయ్యా?" అని నవ్వుతూ అడిగాను. అతను నవ్వలేదు.

"మా బావ కోసం అన్నా."

బావ పేరు ధర్మారావు. కోటబొమ్మాళి దగ్గర వ్యవసాయం. లోకనాథానికి మేనమామ కొడుకు, అక్క సావిత్రికి భర్త. చిన్నప్పుడు సెలవులన్నీ ఇద్దరూ ఆ తుపాకీ కోసం కొట్టుకుంటూ పెరిగారు. మూడేళ్ల కిందట చెల్లెలి పెళ్లిలో హడావిడిలో పడి లోకనాథం ఒక పని మరిచిపోయాడు. పెద్దల్లుడిని బావమరిది స్వయంగా వెళ్లి పిలిచి తొలి పంక్తిలో కూర్చోబెట్టాలి. ఆ పిలుపు అందలేదు. ధర్మారావు భోజనం చేయకుండానే భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి సావిత్రి పుట్టింటి గడప తొక్కలేదు.

"మొన్న అటక మీద ఇది దొరికిందని అక్కకి ఫోన్లో సెప్పినాను. పక్కనున్న బావ వినీసి నవ్వినాడట. మూడేళ్లలో మా ఊసెత్తితే నవ్వడం అదే మొదలంట. 'ఆదివారం వత్తాను, ఓడిపోతే ఏడవొద్దని సెప్పు' అన్నాడట. అక్క ఫోన్లోనే ఏడిసీసింది."

ఇంకేం, నాకు ఉత్సాహం వచ్చేసింది. పాత టీవీ ఎలా ఎంచుకోవాలో అతనికి పాఠం మొదలుపెట్టాను. ముందు వెనక డొప్ప విప్పి చూడాలి. మన ఉద్దానం తీరం ఇళ్లలో వాడిన సెట్టయితే ఉప్పుగాలికి హై వోల్టేజి తీగ చుట్టూ తెల్లగా పొడి పడుతుంది. చెమ్మ రోజున అక్కడే చిటపటలాడుతుంది. తర్వాత తెర మీద అక్షరాలు అంచుల్లో కూడా పదునుగా ఉన్నాయా, మూలల్లో ఊదా మచ్చలున్నాయా చూడాలి. మచ్చలుంటే డీగాసింగ్, అంటే ట్యూబుకు పట్టిన అయస్కాంతాన్ని వదిలించడం, చేయాలి. ఇదంతా చెప్పి, చివరికి అతను అడిగిన చిన్నదాన్ని పక్కన పెట్టి, నా దగ్గరున్న వాటిలో రాజులాంటిది చూపించాను. ఇరవై తొమ్మిది అంగుళాల ఫ్లాట్ ట్యూబు, వంద హెర్ట్జ్ సెట్టు. మామూలు ట్యూబు టీవీ తెర మీద బొమ్మను సెకనుకు యాభై సార్లు గీస్తే, ఇది వంద సార్లు గీస్తుంది. బొమ్మ అదరదు, కంటికి హాయి.

"ఇంత పెద్దది ఎందుకన్నా?"

"మీ బావకు మర్యాద జరగాలా వద్దా?"

గేమ్ పెట్టి చూశాం. గెంతే ఆట ఒకటి ఆడాడు. బొమ్మ మెరిసిపోతోంది. తుపాకీ ఇంటి దగ్గరే వదిలేసి వచ్చానన్నాడు. పరవాలేదులే అన్నాను. ఇద్దరు మనుషుల సాయంతో దాన్ని ఆటో ఎక్కించాను.

ఆదివారం మా చర్చి సంఘంలో నెలకోసారి జరిగే ప్రభు బల్ల, అంటే యేసును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. రొట్టె విరిచే ముందు మా పాస్టరుగారు కాసేపు ఆగుతారు. ఎవరి మీదైనా ఎవరికైనా మనసులో ఏమైనా ఉంటే లేచి వెళ్లి చేయి పట్టుకుని, మనసులు కలుపుకుని సమాధానపడి రావాలి. మా నాన్న కాలం నుంచీ ఉన్న పద్ధతి. నాకెవరితోనూ తగాదా లేదు కదా అని నిమ్మళంగా కూర్చున్నాను. జేబులో ఫోను వణికింది. మూడోసారి వణికాక వరండాలోకి వెళ్లి ఎత్తాను.

"అన్నా, తుపాకీ పేల్తంది, బాతు పడ్తలేదు!" అవతల లోకనాథం. "నా పరువు తీయడానికే పిలిసినావా అని బావ అరిసీసినాడు. అక్క సెప్పులైనా ఇప్పలేదు. వంటయిపోయింది. తినకుండా ఎల్లిపోతాడన్నా!"

వంద హెర్ట్జ్. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఆ తుపాకీ గొట్టంలో వెలుతురును పసిగట్టే చిన్న కన్ను ఉంటుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చదరం మెరుస్తుంది. ఆ క్షణంలో కన్నుకు తెలుపు కనబడితే బాతు పడుతుంది. పాత సెట్టు వచ్చిన బొమ్మను వచ్చినట్టే గీసేస్తుంది. వంద హెర్ట్జ్ సెట్టు ముందు దాన్ని తన మెమరీలో దాచి, ఆ తర్వాత రెండుసార్లు గీస్తుంది. మన కంటికి తెలియని ఆలస్యం అది. తుపాకీకి మాత్రం గురి తప్పినట్టే.

"మీ బావను ఒక గంట ఆపు. తప్పు నాదని చెప్పు, వస్తున్నాను," అన్నాను.

లోపల మా ఆవిడ పక్కన వంగి, "నేను వెళ్లాలి. షాపులో చిన్నవి వెంటనే వెలుగుతాయో లేదో, ఇంట్లో టీవీ తీసుకెళ్తున్నాను," అన్నాను.

"బల్ల ముందు నుంచి లేచి పోతారా?" అంది ఆవిడ బిత్తరపోయి.

"ఒకరింట్లో సమాధానం చెడగొట్టి ఇక్కడ రొట్టె ఎలా పట్టుకోను?"

ఆవిడ ఇంటి తాళంచెవి చేతిలో పెట్టింది. ఆమె రోజూ బైబిలు వాక్యం వినే ఇరవై ఒక్క అంగుళాల మామూలు ట్యూబు టీవీకి తీగలు పీకి, ఆటోలో ఒళ్లో పెట్టుకున్నంత పని చేసి నందిగాం చేరాను. దారంతా ప్రార్థనే.

ధర్మారావు అరుగు మీద మోటారుసైకిలు తాళం వేలికి తిప్పుతూ కూర్చున్నాడు. సావిత్రి గుమ్మం బయట స్తంభానికి ఆనుకుని ఉంది, కాళ్లకు చెప్పులతోనే.

"బాబూ, మీ బావమరిది చిన్నది చాలన్నాడు. గొప్పకు పోయి పెద్దది అంటగట్టింది నేను. నన్ను తిట్టండి," అన్నాను.

"మెకానిక్కువి, నీకు తెల్దేటి?"

"తెలుసు బాబూ. గుర్తు రాలేదు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఒప్పుకునే మెకానిక్కుని ఇయాలే సూసినాను. ఎట్టు, సూద్దాం."

ముందు గదిలో సెట్టు పెట్టి, గేము వచ్చే ఛానెల్ ట్యూన్ చేసి, తుపాకీ అతని చేతికే ఇచ్చాను. తెర తటాలున మెరిసింది. బాతు పల్టీ కొట్టి కింద పడింది. ధర్మారావు ముఖం పదేళ్ల గుంటడి ముఖమైపోయింది.

"సూసినావేటి, సెయ్యి తప్పలేదు! నువ్వు రా, నీ గురి ఆకాశానికే కదా!"

"తెరకి తుపాకీ మూతి ఆనిచ్చి పేల్చడం గురంటారేటి బావా? ఎనక్కి జరుగు!"

ఇద్దరూ తుపాకీ లాక్కుంటూ అరుస్తుంటే సావిత్రి లోపలికి వచ్చి నేల మీద చతికిలబడి నవ్వసాగింది. చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి.

కాసేపటికి లోకనాథం లేచాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఆట మధ్యలోనే బావ ఎదురుగా నిలబడ్డాడు.

"బావా, ఆకులేసినాం. నువ్వు కూకుంటేనే మేం కూకుంటాం. లెగు."

ధర్మారావు తుపాకీ దించాడు. "ఈ మాట ఆ దినమే అనుంటే..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, లేచి బావమరిది భుజం మీద చెయ్యేసి లోపలికి నడిచాడు. నన్నూ ఆ పంక్తిలోనే కూర్చోబెట్టారు. "నీ పద్ధతిలో నువ్వు దండం ఎట్టుకో మేస్త్రీ, ఆగుతాం," అన్నాడు ధర్మారావు. కళ్లు మూసుకున్నాను గానీ, స్తోత్రం తప్ప మాట రాలేదు.

మా టీవీ అక్కడే ఉండిపోయింది. ఆ పెద్దది మా ఇంటికి వచ్చింది. అక్షరాలు అదరకుండా కనిపిస్తున్నాయని మా ఆవిడ సంతోషించింది. చెడ్డ సెట్టు కాదది, నేను పంపిన చోటే తప్పు.

ఇప్పుడు పాత ఆటల కోసం టీవీ అడిగేవాళ్లు అప్పుడప్పుడు పర్లాకిమిడి నుంచి కూడా వస్తుంటారు. తుపాకీతో సహా అన్నీ పట్టుకొస్తేనే సెట్టు చూపిస్తాను. అంతకన్నా ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి, ఏ ఆట ఆడతారు, ఎవరితో ఆడతారు అని అడుగుతాను. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా వెనక గది తలుపు తీయను.