చాయ్ తాగుతూ నరికిన తోట

పన్నెండేళ్ల బత్తాయి తోటను మంచం దిగకుండా నరికిన మనిషిని మీరు చూసి ఉండరు. చూసుకోండి, నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో, ఒక చేత్తో కప్పు పట్టుకుని నరికాను. చాయ్ చుక్క కూడా ఒలకలేదు.

మూడేళ్ల కిందటి ఘనకార్యం ఇది. అప్పటికి నాకు అరవై ఒకటి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ముప్పై ఏళ్లు బత్తాయిలు అమ్మాను. మార్కెట్‌ను అక్కణ్నుంచి ఎత్తేశాక ఊరికే కూర్చోలేక మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా చదువొచ్చిన ముసలిది హద్దెరగదు. బస్సు బోర్డులు, బిస్కెట్ పొట్లాలు, గోడల మీద ‘ఇచట మూత్రము పోయరాదు’, అన్నీ గొంతెత్తి చదివేదాన్ని. ఆ చివరిది చదివినప్పుడు గోడ దగ్గర నిలబడ్డ పెద్దమనిషి నన్ను తిట్టిపోశాడు.

మనవరాలు స్రవంతి వ్యవసాయం చదువుతోంది. తెల్లకోటు వేసుకుని పంటల తెగుళ్ల మీద మాట్లాడి, ఆ వీడియోలు ఫోన్‌లో తన పేజీలో పెట్టేది.

“గివన్ని ఎందుకే?” అన్నాను.

“రైతులకు పనికొస్తయి అమ్మమ్మా. రేపు ఉద్యోగానికి పోతే నా పేజీ గూడ జూస్తరు. అండ్ల మంచి పేరుండాలె.”

ఆమెకు పరీక్షలొచ్చాయి. ఫోన్ నా చేతిలో పెట్టింది. “జర కామెంట్లు నువ్వే జూడు. మెచ్చుకున్నోళ్లకు బొటనవేలు బొమ్మ పెట్టు. ఎవరన్న ఏమన్న అడిగితే మాత్రం నాకు సదివి వినిపియ్యి.”

“నాకే జెప్తున్నవా? నీకు బువ్వ తినుడు నేర్పిందే నేను.”

నిజం చెప్తాను. ఒక్కో కామెంటు చదవడమంటే నాకు రాళ్ల బియ్యం ఏరినట్టే. అన్నీ ఒకేలా మొదలయ్యేవి: ‘నమస్తే మేడం, మీ వీడియోలు చాలా బాగుంటాయి.’ అక్కడిదాకా చదివి బొటనవేలు పెట్టేదాన్ని. ఆ తర్వాత మాత్రం ఏముంటుంది, ఇంకో పొగడ్త తప్ప? ఒకటైతే చుక్క లేదు, కామా లేదు, పొద్దున పూట ఎల్‌బీ నగర్ ట్రాఫిక్‌లా ఎడతెగని వరస. దానికీ పెట్టాను.

“ఎవరన్న ఏమన్న అడిగిండ్రా అమ్మమ్మా?”

“అందరు మెచ్చుకుంటుండ్రు. నువ్వు సదువుకో.”

“మొత్తం సదివినవా?”

“అక్షరం ఇడ్సిపెట్టలే.”

అబద్ధమాడడానికి చదువక్కర్లేదు. కానీ చదువొచ్చాక ఇంకా ధీమాగా ఆడొచ్చు.

పరీక్షలైన మర్నాడు పేజీలోని నంబరుకు ఫోన్ వచ్చింది. ఎవరో రైతు, ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగాడట. ఇద్దరం వెళ్లాం. మెట్రో మెట్ల కింద, భుజాన సంచితో, యాభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు.

“మేడం, నేను యాదయ్యను. నువ్వు జెప్పినట్టే బత్తాయి చెట్లు కొట్టేయించిన. ఇగ ఆ భూమిల ఏం పెట్టాల్నో అడుగుదామని ఒచ్చిన.”

స్రవంతి మొహం పాలిపోయింది. “నేను కొట్టుమన్ననా?”

ఆయన ఫోన్ చూపించాడు. ఆ పిల్ల పైకి చదివింది: ‘నమస్తే మేడం మీ వీడియోలు చాలా బాగుంటాయి నా బత్తాయి చెట్లల్ల వాన నీళ్లు నిలవడి కొమ్మలు ఎండుతున్నయి కొందరు ఉంచుమంటుండ్రు కొందరు కొట్టుమంటుండ్రు కొట్టెయ్యాల్నా మేడం.’

దాని కింద నా బొటనవేలు.

“నాకు సదువు రాదు మేడం. నేను మాట్లాడితె ఫోనే రాసుకుంటది. కని వేలు సంగతి ఎర్కే. బ్యాంకుల నేనేసేది అదే. ఒక్కపారి ఏస్తే ఏసినట్టే గద.” భుజాన సంచి సర్దుకున్నాడు. “కొడ్తుంటె కాయలు రాలినయి. పానం ఒప్పక గొడ్డలి ఆపిన. మల్ల నీ వేలు జూసుకున్న.”

“తప్పు నాదే కాకా,” అంది స్రవంతి. నా వైపు చూడను కూడా లేదు. “నీళ్లు పొయ్యేటట్టు కాలువ తీస్తే సరిపోతుండె.”

యాదయ్య సంచిలోంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టాడు. “ఆఖరి కాయలక్కా, తిను.” నొక్కి చూశాను, వాసన చూశాను. కాయను పట్టుకుని చెట్టు ఆయుష్షు చెప్పగలిగినదాన్ని. అది చావాల్సిన చెట్టు కాదు.

“తమ్మీ, ఆ వేలు నాది,” అన్నాను. “సగమే సదివిన.”

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“పోనీ అక్కా. నువ్వు సగమన్న సదివినవ్. నాకు గా సగం గూడ రాదు.”

కూలీలు రాక ఒక మూలన పదకొండు చెట్లు మిగిలాయి. స్రవంతి వెళ్లి దగ్గరుండి కాలువ తీయించింది. పదకొండూ బతికాయి. యాదయ్య ఊరంతా సంతోషించింది, నేను తప్ప. ఆ పదకొండూ చిగురేస్తుంటే, మిగతావీ బతికేవని నాకు ఒక్కో ఆకూ చెప్పింది. జరిగిందంతా స్రవంతి తన పేజీలోనే చెప్పేసింది, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని. ఇంటర్వ్యూకు పిలిచిన చోట ఆ వీడియో గురించే అడిగి, ఉద్యోగం ఇవ్వకుండా పంపించేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకరీతి; మా ఇంట్లో ఆకులు ఎండాక ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నాం.

మొన్న యాదయ్య నా ఫోన్‌కే రాశాడు, ఒక చెట్టు కొమ్మ ఎండుతోంది, ఏం చెయ్యాలని. పిల్ల ఇంట్లో లేదు. ఒక పూట పట్టి మొత్తం చదివి, ఇంకో పూట పట్టి జవాబు రాశాను: ‘నాకు తెల్వదు. పిల్ల ఒచ్చినంక చెప్తది. అందాక కొట్టకు.’

వెంటనే ఆయన దగ్గర్నుంచి బొటనవేలు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆయనకు చదువు రాదని, ఆయన మాట్లాడితే రాసేది ఫోనేనని. దేనికి ఔనన్నాడో! ఫోన్ చేస్తే ఎత్తడు. ఎల్‌బీ నగర్‌కు ఉరికి, దొరికిన బస్సెక్కి, ఆయన ఊళ్లో దిగి పడుతూ లేస్తూ తోటకు పోయాను. చెట్టుంది. యాదయ్య దాని కింద అన్నం తింటున్నాడు.

“ఏందక్కా, గింత దూరమొచ్చినవ్?”

“వేలెందుకు పెట్టినవ్ర తమ్మీ!”

“ఏమో రాసినవ్ గద. మంచిదే రాసుంటవనుకున్న.”

ఆ చెట్టును ముట్టుకుని ఒట్టేశాను. ఇకమీదట ఎవరి చెట్టు సంగతైనా చెవితో విని నోటితోనే చెప్తాను. వేళ్లు అన్నం కలుపుకోవడానికే.