కడపటివాడి కొసరు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే "ఒకటి పట్టుకురా, ధర మాట్లాడదాం" అనేవాణ్ణి. తమిళనాడు ధర్మపురిలో, చింతపండు కొట్లో పుట్టి పెరిగిన మనిషిని. తక్కెడలో వేసి చూడలేనిదాన్ని ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎనభైల నాటి సంగతి. నా తమ్ముడు గోవిందుకు పరుగు పిచ్చి. సైన్యంలో చేరబోతే ఎత్తు చాలదని తిప్పి పంపారు. ఆ పరుగును ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ధర్మపురి నుంచి కావేరి ఒడ్డున హొగేనక్కల్ దాకా తారు రోడ్డెక్కకుండా, పొలం గట్ల మీదా అడవి దారిలోనూ ఒక పందెం పెడదామన్నాడు. నలభై కిలోమీటర్ల పైమాటే.

"దాంట్లో మనకేమి మిగుల్తుందిరా?" అన్నాను. మా ఇంట్లో పెళ్లి సంబంధం వచ్చినా మొదటి ప్రశ్న అదే.

"కడపటోడు వచ్చేటప్పుడు నువ్వే చూద్దువులే అన్నా."

గెలిచినవాడికి ఇత్తడి బిందె అనుకున్నాం. సొట్ట ఉందని గీచి గీచి బేరమాడి తెచ్చాను. ఆ సొట్ట నేనే పెట్టానని గోవిందు బజారంతా చెప్పుకొచ్చాడు. అబద్ధమని నేనూ గట్టిగా అనలేదు.

మొదటి ఏడు ఇరవై మంది దాకా వచ్చారు. పొలం కూలీలు, హొగేనక్కల్‌లో పరిసెలనే బుట్ట పడవలు నడిపేవాళ్లు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. గోవిందు పరుగెత్తలేదు. ఏనుగులు తిరిగే అడవి, వెనకబడినవాడికి తోడు కావాలని, అందరికన్నా చివరివాడి వెనక నాలుగడుగుల దూరంలో నడిచాడు. "వెనక్కి తిరగొద్దు. వెనక నేనుండాను, నువ్వు ముందర చూసి నడు" అనేవాడట.

మా కొట్లో నాన్న పెట్టిన ఆచారం ఒకటుంది. మూసే వేళకు వచ్చిన ఆఖరి గిరాకీకి తూకం అయ్యాక కొసరు వేయాలి. నేను చిటికెడు వేసేవాణ్ణి, గోవిందు గుప్పెడు. ఆ ఆచారాన్నే పందెంలోకి తెచ్చాడు. చింతపండు, బెల్లం, శొంఠి కలిపి అమ్మ చేత దంచించి, ఆ ఉండను మోదుగాకులో చుట్టి పురికొసతో రెండు ముళ్లు వేసేవాడు. ఆ పొట్లం చివరివాడికి మాత్రమే.

ఆ ఏడు చివర వచ్చింది ఒక పరిసెవాడు, పిక్కలు పట్టేసి కుంటుకుంటూ. వాడొచ్చేదాకా అందరూ వేయించిన చేపల ముందు ఆకలితో కూర్చున్నారు. వాడు కనబడగానే లేచి నిలబడ్డారు. బిందె గెలిచినవాడే దాంట్లో కావేరి నీళ్లు తెచ్చి వాడి కాళ్ల మీద పోశాడు. నాకు కళ్లు నిండాయి. పొయ్యి పొగ అన్నాను.

"ఇదే అన్నా మిగిలేది" అన్నాడు గోవిందు.

రెండు నెలలకు చింతపండు దిగే కాలం వచ్చింది. గోవిందు కళ్లు పచ్చబడ్డాయి. సేలం పోయి చూపించుకుంటానని కొట్టు లోపలి గదిలో నాతో చెప్పాడు. వాకిట్లో సరుకు బండ్లు నిలబడి ఉన్నాయి.

"రెండు దినాలు ఆగరా. ఈ సరుకు దించేసి పో" అన్నాను.

ఆగాడు. మూడో రోజు బస్సెక్కాడు. తొమ్మిదో రోజు తీసుకొచ్చాం. ముందే వస్తే బతికేవాడా అని డాక్టరును నేను అడగలేదు. నేను అన్న మాట అమ్మకు కూడా చెప్పలేదు.

మరుసటి ఏడు పందెం వద్దనుకున్నాను. కానీ వాడు బతికుండగానే చాలామందికి మాటిచ్చి ఉన్నాడు. "వాని మాట పోనీయొద్దురా" అంది అమ్మ. దారికి గుర్తులు, నీళ్లు, చేపలు, అన్నీ మనుషులకు పంచాను. వెనక నడిచే పని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయి కాదు. అది ఇంకొకరికి చెప్పాల్సిన పని అని మాలో ఒక్కరికీ తోచలేదు. అది గోవిందు పని.

సాయంత్రం నాలుగు దాటింది. నల్లంపల్లి మామిడి తోటల కాపలాదారు మారియప్పన్, యాభై దాటిన మనిషి, ఇంకా రాలేదు. "వెనక ఎవరున్నారు?" అని ఎవరో అడిగారు.

దారి వెంట వెనక్కి పరుగెత్తాను. కొట్లో కూర్చుని పెంచిన పొట్ట, ఆయాసంతో చచ్చాను. నది చప్పుడు మొదలయ్యే మలుపు దగ్గర, మంచి ఎండలో, మారియప్పన్ కర్ర ఊతంగా పొడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఏదో చప్పరిస్తున్నాడు. నన్ను చూడగానే అరవంలో కసిరాడు.

"ఇంత దూరం తోడొచ్చి, నీళ్ల చప్పుడు వినపడగానే మీవాడు ఎక్కడికి పోయినాడు?"

"ఎవరు?"

"నా వెనకాల వచ్చినోడు. ఇదిచ్చినోడు."

చేతిలో మోదుగాకు పొట్లం. పురికొస, రెండు ముళ్లు. లోపల సగం ఉండ.

మోదుగాకు ఆ అడవి నిండా ఉంది. పురికొస ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఆ ఉండ ఎవరైనా దంచవచ్చు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ వాడు పోయాక అమ్మ ఆ రోలు ముట్టలేదు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వెనక నడవలేదు.

మనిషి ఎలా ఉన్నాడని మారియప్పన్‌ను అడిగాను.

"చూడలేదు సామీ. తిరగొద్దన్నాడు. పొట్లం భుజం మీదుగా అందించినాడు. ఒకటే మాటలు. ‘ఇంత ఆలస్యంగా కలిసినావేమప్పా’ అని అడిగితే, ‘మా అన్న రెండు దినాలు ఆగమన్నాడు, అందుకే’ అన్నాడు."

ఆ మాట కొట్టు లోపలి గదిలో వాడికి మాత్రమే అన్నది.

ఏది జరిగినా నా మీదికి తోసి నవ్వడం గోవిందుకు అలవాటు. ఆ బిందె సొట్టలాగా. అందుకే ఒక్కటే అడిగాను. "నవ్వుతా చెప్పినాడా, బాధగా చెప్పినాడా?"

మారియప్పన్ ఆకు మడిచాడు. "ముందర చూసి నడుస్తా ఉంటిని సామీ. నాకేం తెలుసు" అని, మిగిలిన సగం ఉండ నా చేతిలో పెట్టాడు.

ఆ పందెం ఇంకా కొన్నేళ్లు నడిపాను. ప్రతి ఏడూ చివరివాడి వెనక నేనే నడిచాను. పొట్లం ఇచ్చి, వెనక్కి తిరగొద్దని చెప్పేవాణ్ణి. నేను మాత్రం ఆ మలుపు దగ్గర ప్రతిసారీ తిరిగి చూసేవాణ్ణి. దారి ఖాళీగా ఉండేది.

అదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు. వాడు నవ్వాడో లేదో తెలిస్తే చాలు.