సుగుణత్త బంతి

మా అపార్ట్‌మెంటు ముందున్న పచ్చికను నెలకొకసారి మిషనుతో కోస్తారు. వాన పడిన మర్నాడు కోసినప్పుడు ఆ తడి గడ్డి పచ్చి వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వస్తుంది. నేను లేచి కిటికీ మూసేస్తాను. మిషను మోత పడక మూస్తున్నానని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనలో మా సుగుణత్త కనిపిస్తుంది: కొంగు నడుముకు బిగించి, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, తల వంచి బంతిని తప్ప మరి దేన్నీ చూడకుండా నిలబడిన సుగుణత్త.

శ్రీకాళహస్తిలో మాది కలంకారీ పనివాళ్ళకు సరుకులమ్మే ఇల్లు. ముందుగదిలో కరక్కాయల బస్తాలు, మెట్ల కింద ఎర్రరంగుకు వాడే మంజిష్ఠ వేళ్ళ కట్టలు, పెరట్లో నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లంనీళ్ళలో పులుస్తుండే కుండలు. వానాకాలం ఆ పులుపు వాసన మా పరుపులకూ, పుస్తకాలకూ, చివరికి నా జడ రిబ్బన్లకూ పట్టేది. ఎండాకాలం వచ్చిందంటే ఆ వాసన కాస్త తగ్గి మామిడికాయల వాసన మొదలయ్యేది, ఆ వెనకే చిత్తూరు బస్సులో మా నాయన చెల్లెలు సుగుణత్త దిగేది. బస్సు టాపు మీది నుంచి దుప్పటిలో చుట్టిన పొడుగాటి సంచీ ఒకటి దింపించుకునేది. వీధిలోవాళ్ళు వీణ అనుకునేవాళ్ళు. అందులో ఉండేవి గోల్ఫు కర్రలు.

మామ చిత్తూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరు. అంతకు ముందు నీలగిరుల్లో ఒక టీ తోటలో పనిచేసినప్పుడు, అక్కడి మేనేజరు భార్య పొద్దుపోక అత్తకు ఈ ఆట నేర్పిందట. నేర్పినామె రెండేళ్ళకే తనను మించిపోయిన శిష్యురాలిని చూసి, ఊరు విడిచిపోతూ తన కర్రలు అత్తకే ఇచ్చేసింది. చిత్తూరులో ఆడుకునేందుకు మైదానం లేదు. అందుకని ఎండాకాలం పుట్టింటికొస్తే పొద్దు పొడవక ముందే అత్త స్వర్ణముఖి ఏట్లోకి నడిచేది, వెనక నేను.

"ఇసకలో పడిన బంతిని తీసేది అందరికీ కష్టం పాపా," అనేది అత్త. "మనకు ఏరంతా ఇసకే గదా."

అవ్వ పాత చీర ఒకటి దూరంగా పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టేవాళ్ళం. అత్త కర్ర ఎత్తి దించితే చల్లటి ఇసక చాటతో చెరిగినట్టు లేచేది, అందులోంచి బంతి మెల్లగా వచ్చి చీర మధ్యలో కూర్చునేది. ఏటి గట్టున పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మా అవ్వకు మాత్రం ఒకటే సందేహం: "అంత దూరం కొట్టేదెందుకు, మళ్ళా పోయి ఎత్తుకోనొచ్చేదెందుకు?"

ఇంటికొచ్చి రాగి సంగటి, అందులోకి నంజుకోను చెనిక్కాయల ఊరుబిండి తిని, మధ్యాహ్నం కరక్కాయ బస్తాల పక్కన చల్లటి గచ్చు మీద పడుకునేవాళ్ళం. అత్త అరచేతుల్లో కాయలు కాసుండేవి. వాటికి ఆముదం రాసుకుంటూ ఆమె మాట్లాడేది తక్కువ, నవ్వేది ఎక్కువ. నేను ఆ కాయల్ని వేలితో తడుముతూ నిద్రపోయేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు, మార్గశిరంలో, జాతీయ మహిళల అమెచ్యూర్ పోటీలు మద్రాసులో పెట్టినారు. అత్త పేరు పంపింది. అప్పటికి ఆమె అత్తగారు పక్షవాతంతో మంచాన పడి ఏడాది. మామ చెడ్డమనిషి కాదు; మా ఇంటికొచ్చి తల దించుకునే చెప్పినాడు.

"ఇంట్లో మనిషి లేకుంటే జరగదు బావా. ఈ ఒక్క తూరికి పోయిరానీ. గెలిస్తే మళ్ళా ఆలోచిస్తాం. లేకుంటే ఆ కర్రలు అటకెక్కాల్సిందే."

అత్త మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టి లోపలికి పోయింది.

రేణిగుంటలో బండి మారి, నాయన, అవ్వ, నేను, అత్త మద్రాసు పోయినాం. నగరి దాటినాక అవ్వ పులిహోర పొట్లాలు విప్పింది. అప్పుడు నాయన నాకు గట్టిగా చెప్పినాడు: "ఆడ బంతి కనపడితే చేత్తో ముట్టొద్దు, కాలితో తాకొద్దు. నువ్వు ముట్టినావంటే అత్త ఓడిపోతాది." అత్త కిటికీలోంచి పొలాలు చూస్తూ ఉండింది. ఆ మాట వినలేదనుకుంటాను. విని ఉంటే సరిదిద్దేది.

ఇద్దరిద్దరుగా ఆడతారు, ఓడినవాళ్ళు ఇంటికి పోతారు. ఒక్కో గుంతలో తక్కువ దెబ్బలతో బంతి వేసినవాళ్ళది ఆ గుంత. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ నుంచి వచ్చిన ఆడవాళ్ళ మధ్య మా అత్త ఒక్కొక్క రోజూ గెలుస్తూ వచ్చింది. మైదానంలో అడ్డంకిగా పోసిన ఇసకలో బంతి పడితే వేరేవాళ్ళ మొహాలు ముడుచుకునేవి. అత్త మొహం విప్పారేది. అవ్వ ఆట అర్థం కాకపోయినా ప్రతి దెబ్బకూ లోలోపల గోవిందా అనుకునేది.

నాలుగోరోజు గెలిస్తే ఫైనలు. పదిహేడు గుంతలు అయ్యేసరికి ఇద్దరూ సమానం. తెల్లవారుజామున వాన పడి నేలంతా మెత్తగా ఉంది. చివరిదైన పద్దెనిమిదో గుంతకు అత్త కొట్టిన బంతి గాలికి పక్కకు తిరిగి, మోకాలెత్తు గడ్డిలో పడింది. అందరం చూసినాం, ఎక్కడ పడిందీ వేలెత్తి చూపించినాం. దగ్గరికి పోతే బంతి లేదు.

"ఐదు నిమిషాలు," అన్నాడు గడియారం పట్టుకున్న పెద్దమనిషి. అప్పటికి దొరక్కపోతే పోయినట్టే; వెనక్కి పోయి మళ్ళీ కొట్టాలి, దెబ్బలు అదనం.

నాయన పంచె ఎగ్గట్టి వెతికినాడు. అవ్వ వంగలేక కూర్చుని చేతులతో గడ్డి పాయలు తీసింది. అత్తతో ఆడుతున్న పొడుగాటి కలకత్తా ఆమె కూడా మోకాళ్ళ మీద వెతికింది. నేను వాళ్ళకు కాస్త ఎడంగా అడుగు వేసినాను. కుడి పాదం కింద, చెప్పు అడుగున, గుండ్రంగా గట్టిగా ఏదో తగిలి, నా బరువుకు మెల్లగా బురదలోకి దిగింది.

రాయేమో అనుకోవాలని చూసినాను. రాయి కాదని కాలికి తెలిసిపోయింది.

కాలు తీస్తే తొక్కినానని తెలుస్తుంది, అత్త ఓడిపోతుంది. తీయకపోతే బంతి దొరకదు, అత్త ఓడిపోతుంది. అత్త నా పక్కగానే రెండుసార్లు పోయింది. ఆమె కొంగు నా మోచేతికి తగిలింది. "పాపా, అట్ల నిలబడకుండా నువ్వూ సూడు," అన్నాడు నాయన. నేను మెడ వంచి నా చుట్టూ వెతుకుతున్నట్టు చూసినాను. కాలు మాత్రం కదలలేదు.

"టైమయింది," అన్నాడు పెద్దమనిషి.

అత్త వెనక్కి నడిచింది, మళ్ళీ కొట్టింది, బాగానే కొట్టింది. చాలలేదు. అత్త కలకత్తా ఆమెతో చెయ్యి కలిపి, మా దగ్గరికొచ్చి, "ఆకలైతాందా పాపా?" అని అడిగింది.

కర్రలు అటకెక్కినాయి. ఎండాకాలాలు వచ్చినాయి, అత్త రెండు రోజులకు వచ్చి పోయేది, చేతుల్లో కాయలు మెత్తబడిపోయినాయి.

కాలేజీలో చేరినాక లైబ్రరీలో ఆ ఆట నియమాల పుస్తకం చూసినాను. చూడ్డానికొచ్చినవాళ్ళు బంతిని తొక్కితే ఆడేవాళ్ళకు ఏ శిక్షా లేదు. ముందెట్లా ఉండిందో అట్లా పెట్టుకుని ఆడొచ్చు. అంతే. ఆ వారమే చిత్తూరు పోయి, వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తకు అంతా చెప్పేసినాను. ఆమె తిడుతుందని, లేకపోతే పోనీలే అంటుందని రెండింటికీ సిద్ధపడి పోయినాను.

అత్త చేతిలో కాయను పక్కన పెట్టింది.

"బంతి ఎట్లుండింది?" అంది. "గడ్డి మీద నిలబడి ఉండిందా, లోపలికి దిగి ఉండిందా? కొట్టేదానికి వీలుగా ఉండిందా?"

నాకు తెలియదు. నేను తొక్కక ముందు దాన్ని నేనూ చూడలేదు. ఆ మాటే చెప్పినాను. అత్త తల ఊపి, మళ్ళీ చిక్కుడుకాయలు తీసుకుంది.

అత్త పోయి ఆరేళ్ళు. కర్రలు ఎవరికిచ్చినారో మామకే గుర్తులేదు. మేమిద్దరం నడిచిన చోట ఏట్లో ఇసక లారీల్లో వెళ్ళిపోయి, గుంతలు పడి, తుమ్మ మొక్కలు లేచినాయి. ఇప్పుడెవరైనా నన్ను చిన్నప్పటి సంగతులు అడిగితే కరక్కాయల గురించి, ఊరుబిండి గురించి చెప్తాను. అత్త అడిగిన దానికి మాత్రం ఇప్పటికీ జవాబు వెతుక్కుంటూ ఉంటాను. ఒకరోజు బంతి గడ్డి మీద వీలుగానే ఉండిందనిపిస్తుంది, ఒకరోజు లేదనిపిస్తుంది.